హెర్బేరియం బీరువా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెర్బేరియం బీరువా గారి దివ్యసముఖమునకు,

ఎండబెట్టిన మొక్కల్ని షీట్లకి అంటించి మీ అరల్లో దాచుకునే నెల్లూరు బాటనీ వాళ్లు రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ కడుపులోని సిగరెట్ పురుగులు, సిల్వర్‌ఫిష్‌లు అంతకన్నా క్షేమమని తెలిసి సంతోషించాం. నాఫ్తలీన్ గోళీల వాసన వరండా చివరిదాకా కొడుతున్నా, ఎండుటాకులో అప్పటికే గుడ్డు పెట్టేసిన పురుగుని ఆ గోళీ ఏమీ చేయదు. షీట్లను పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల్లో వారం పాటు ఉంచాలి. బయటికి తీశాక సంచిని అప్పుడే విప్పకూడదు, విప్పితే చల్లటి షీటు మీద చెమ్మ దిగి బూజు పడుతుంది. డీప్ ఫ్రీజర్ ఉంది లెండి. అందులో మజ్జిగ ప్యాకెట్లు ఉన్నాయి.

మీకు భోజనం పెట్టే పద్ధతి గురించి కూడా ఒక మాట. నెల్లూరుకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఉదయగిరి కొండ మీద చిన్నాచితకా మొక్కలు పూతకొచ్చేదీ ఆ వానకే. టూరు బిల్లు శాంక్షనయ్యేది మాత్రం మార్చిలో. అప్పుడు వెళ్లి పుల్లలు ఏరుకొస్తే, పువ్వులోని కేసరాలూ అండాశయమూ చూసి మొక్క కుటుంబం తేల్చాల్సిన కీ పుస్తకం ఏం చెప్తుంది పాపం!

మైపాడు తీరానికి వెళ్తే అందరూ రావణాసురుడి మీసాలు తెస్తారు. అదే స్పినిఫెక్స్ అనే గడ్డి. అందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఇసుక మీద గాలికి దొర్లే ముళ్ల బంతి ఆడది. ముద్దుగా ఉంటుంది కాబట్టి మీ అరల నిండా అవే, మగది ఒక్కటీ లేదు. ఆ బంతిని, మొక్కల్ని పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టే ప్రెస్సులో పెట్టి బెల్టు బిగిస్తే నలిగి చిందరవందర అవుతుంది. ఒక ముక్క విడదీసి నొక్కాలి, మిగతాది నంబరు వేసి అట్టపెట్టెలో ఉంచాలి.

కృష్ణపట్నం ఉప్పుటేటి ఒడ్డున దొరికే సుయేడా, సెసూవియం మొక్కలు వేరే రకం. ఆకు నిండా నీళ్లు. కోసి ప్రెస్సులో పెట్టినా చాలా రోజులు బతికే ఉంటాయి, ఆ తర్వాత నల్లబడి ఆకులన్నీ రాలుస్తాయి. పూలు తడవకుండా కొమ్మని మరిగే నీళ్లలో కాసేపు ముంచి తీస్తే కణాలు చచ్చి త్వరగా ఆరతాయి. పేపర్లు మొదటి మూడు నాలుగు రోజులు రోజూ మార్చాలి. మొదటిసారి మార్చేటప్పుడే ఆకు వడిలి చెప్పినట్టు వింటుంది, ఒకటి రెండు ఆకుల్ని వెనక్కి తిప్పి అడుగుభాగం కనిపించేట్టు పెట్టాల్సింది అప్పుడే. మనవాళ్లు కట్ట కట్టి అటక మీద పడేసి, పరీక్ష ముందు రోజు విప్పుతారు.

ఇక లేబుల్. '29 × 42 సెంటీమీటర్ల' షీటు అచ్చంగా కొలత ప్రకారమే ఉంటుంది, కుడివైపు కింది మూల చీటీలో మాత్రం "స్థలం: నెల్లూరు" అని ఒక్క ముక్క. ఏ నెల్లూరు సార్? కందుకూరునే తీసుకోండి. 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు కొత్త ఒంగోలు జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది, 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకి వచ్చింది. అదే ఏడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి వెళ్లిపోయింది. మొక్క మాత్రం పాతుకున్న చోటే ఉంది. ఊరు, గట్టో గుంటో, అక్షాంశ రేఖాంశాలు, నేల, పువ్వు రంగు రాయాలి. మడచెట్టు పువ్వు పచ్చిగా నారింజ పసుపు, ఎండాక నల్లటి నలుసు. అప్పుడు రాయని రంగు ఇక ఎవడూ చెప్పలేడు.

చివరగా మీ మూడో అరలోని తంగేడు సంగతి. సెలోటేపు పచ్చబడి ఊడి, కొమ్మ వేలాడుతోంది (గుడ్డ టేపో దారం కుట్టో వేసుంటే ఈ గతి పట్టేది కాదు). దాని కింద చీటీ మీద పాత పేరు కాసియా, పై చీటీ మీద కొత్త పేరు సెన్నా. పేరు మారితే పాత చీటీ పీకకుండా పక్కన కొత్తది అంటించడం లోకమంతా ఉన్న పద్ధతే. సేకరించినవాడి పేరూ తేదీ ముట్టుకోకూడదు. సీనియర్ల షీటు జూనియర్ల చేతికొచ్చాక మారుతున్నవి మాత్రం ఆ రెండే.

ఇట్లు,
మీ తాళంచెవి కోసం వెతుకుతున్న
బాటనీ వాళ్లు