సవరణ: చెనిక్కాయ ఉండ గురించి తప్పు రాశాను

షుగర్ జబ్బు ఉన్నవాళ్ల హాఫ్ మారథాన్ ప్రాక్టీసు గురించి పోయిన వారం రాస్తూ, పరుగు మధ్యలో రక్తంలో షుగర్ పడిపోతే జేబులోని చెనిక్కాయ (వేరుశనగ) ఉండ తినమన్నాను. అనంతపురం వాణ్ణి కదా, చెయ్యి ముందు దాని మీదికే పోయింది. కానీ చెనిక్కాయల్లోని కొవ్వు వల్ల బెల్లం తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. షుగర్ 70 కంటే తగ్గితే పరుగు ఆపి, 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు టీ చెంచాల చక్కెర గానీ నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఉండ ఆ తర్వాతే, షుగర్ నిలబడ్డాక.

ఇంకొకటి. షుగర్‌కు మాత్రలు వేసుకునేవాళ్లకు ఇలా పడిపోతుందన్న భయం లేదని నేను రాసిందీ సరికాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అరుదు. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు మాత్రం, ఇన్సులిన్ వాళ్లకు మాదిరే, పడిపోవచ్చు. ఒక్కోసారి పరుగెత్తిన రోజు రాత్రి నిద్రలో కూడా. పాత పోస్టులో ఆ రెండు మాటలూ తీసేశాను.