సవరణ: ఆ బడి గంట 1991లోది కాదు

రాజీవ్ గాంధీ హత్య వార్త బడిలో విన్నానని, హెడ్‌మాస్టరు గారు లాంగ్ బెల్ కొట్టించి ఇంటికి పంపేశారని మొన్న రాశాను. అది తప్పు. చదివిన వెంటనే అక్క ఫోన్ చేసి, "మే నెలలో నీకు బడెక్కడిదిరా?" అంది.

నిజమే. శ్రీపెరంబుదూరులో బాంబు పేలింది 1991 మే 21 రాత్రి పది దాటాక. అప్పుడు వేసవి సెలవులు. నేను అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాను. మర్నాడు పొద్దున ఆవకాయ కోసం మామిడి ముక్కలు తుడుస్తుంటే, మామయ్య రేడియో చేత్తో పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. అమ్మమ్మ చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. (ఆ ఏడు ఆవకాయలో ఉప్పు ఎక్కువైంది. ఇది మాత్రం అక్క కూడా ఒప్పుకుంది.)

మరి ఆ గంట? అది 1984 అక్టోబరు 31, ఇందిరా గాంధీని కాల్చిన రోజు. నేను మూడో తరగతి. కాల్చారన్న కబురు మధ్యాహ్నానికే బడికి చేరింది, చనిపోయారని రేడియో చెప్పింది సాయంత్రం. సెలవిచ్చారని గంతులేస్తూ ఇంటికెళ్తే నాన్న వీపు మీద ఒక్కటిచ్చారు. ఆ దెబ్బను కూడా 1991 ఖాతాలోనే రాసేశాను. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.