వంశవృక్షంలో చోటు దొరకనివాళ్లు

ఈమధ్య ఓ తెల్లకాగితం ముందేసుకుని మా వంశవృక్షం గీయడానికి కూర్చున్నాను. నాన్న వైపు ఐదు తరాల పేర్లు గబగబా రాసేశాను. నానమ్మ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఆమె తల్లి పేరేమిటో నాకు తెలియదు.

వంశమంటే రక్తసంబంధమని మనకో గట్టి నమ్మకం. లెక్క వేస్తే మాత్రం అది నిలవదు. తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్లను కన్నవాళ్లు నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. ఇలా రెట్టింపవుతూ పోతే పదో తరంలో 1,024 మంది తేలతారు. వంశం పేరు చెప్పేటప్పుడు వీళ్లలో మనం పట్టుకునేది ఒక్కణ్ణే, తండ్రి తండ్రి తండ్రి అంటూ పోతే దొరికే ఆ ఒక్క మగవాణ్ణి. మిగిలిన 1,023 మందీ మనకు అంతే దగ్గరివాళ్లు. పైగా పదో తరం పూర్వీకుల్లో దాదాపు సగం మంది డీఎన్‌ఏ మనదాకా చేరనే చేరదు. గొప్పగా చెప్పుకునే ఆ మూలపురుషుడి నుంచి మగవాళ్లకు వై క్రోమోజోమ్ వస్తుంది, అంతకుమించి ఏమీ రాకపోవచ్చు. ఆడపిల్లలకైతే అదీ రాదు.

ముప్ఫయ్యో తరానికి వెళ్తే లెక్క 107 కోట్లు దాటుతుంది. అది సుమారు 800 ఏళ్ల కిందటి మాట. అప్పటికి భూమ్మీద మొత్తం జనం 50 కోట్లు కూడా లేరు. అంటే ఒకే మనిషి నాలుగైదు దారుల్లో మనకు తాత అవుతున్నాడన్నమాట. తాము చుట్టాలమని తెలియకుండానే ఎందరో పెళ్లాడారు. అందుకే ఇది కొమ్మలు విడిపోయే చెట్టులా ఉండదు, దారాలు మళ్లీ మళ్లీ కలిసే వలలా ఉంటుంది. ఇప్పుడు బతికున్న మనుషులందరికీ ఉమ్మడి పూర్వీకుడు కొన్ని వేల ఏళ్ల కిందటే ఉండి ఉంటాడని రోడ్, ఓల్సన్, చాంగ్ అనే పరిశోధకులు 2004లో నేచర్ పత్రికలో అంచనా కట్టారు.

మరి వంశాలు ఎందుకున్నట్టు? ఎవరు ఎవరి పక్షాన నిలబడాలో తేల్చడానికి. దక్షిణ సూడాన్‌లో పశువులు కాసుకునే నూయర్ తెగ గురించి మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1940లో రాసింది ఇదే. గొడవ పెద్దదయ్యే కొద్దీ మరింత వెనకటి తాతను తలుచుకుని, నిన్నటిదాకా కొట్టుకున్న శాఖలు ఒక్కటవుతాయి. ఉత్తర అమెరికాలోని ఇరొక్వాయ్ ప్రజల్లో బిడ్డ తల్లి వంశానికే చెందుతుంది, అక్కడ తండ్రిది వేరే వంశం. రక్తం ఎక్కడైనా ఒకటే, లెక్కపెట్టే పద్ధతే వేరు.

ఆపదలో పదిమందిని నిలబెట్టిందంటే వంశానికి విలువ ఉన్నట్టే, దాన్ని నేను తక్కువ చేయను. ఆ పేరు చెప్పి పక్కవాణ్ణి పరాయివాడంటేనే ఒప్పుకోలేను.

చివరికి నాన్నకు ఫోన్ చేసి నానమ్మ తల్లి పేరు అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అందరూ పెద్దమ్మా అని పిలిచేవాళ్లురా, అసలు పేరు ఎవరూ పలకగా వినలేదు" అన్నాడు. కాగితం మీద ఆమె చోట "పెద్దమ్మ" అని రాసుకున్నాను.