ఆ 50 రూపాయల సంగతి

2020లో లాక్‌డౌన్ తర్వాత సెలూన్లు తెరిచినప్పుడు, కరోనా పేరు చెప్పి వాళ్లు దోచుకుంటున్నారని ఒక వ్యాసంలో రాశారు. హైదరాబాద్‌లో మా వీధి షాపులోనూ కటింగ్ 100 నుంచి 150 అయింది. మొదట నాకూ ఒళ్లు మండింది. అప్పట్లో వెళ్లి చూస్తే, మూడు కుర్చీల్లో మధ్యదాని మీద ఎవరూ కూర్చోకుండా పాత పేపర్ల కట్ట పెట్టాడు. మనిషికో కొత్త ఏప్రాన్. కత్తెర, దువ్వెన శానిటైజర్‌తో తుడవడానికే ఐదు నిమిషాలు. నా మాస్క్ తాడు ఒక చెవి నుంచి తప్పించి, అక్కడ కత్తిరించి, మళ్లీ తగిలించి రెండో వైపుకు వచ్చాడు. పాపం, లాక్‌డౌన్ వల్ల మార్చి ఆఖరు నుంచి మే మూడో వారం దాకా షట్టర్ ఎత్తలేదు, అద్దె మాత్రం ఆగలేదు. నా కోపమంతా బిల్లులో 'సేఫ్టీ చార్జీ' అని విడిగా 200 కలిపి, చిరిగిన ఏప్రాన్ కప్పిన ఏసీ సెలూన్ మీదే.