పరాయి బొమ్మకు మన మాట

విదేశీ సినిమా బొమ్మను అలాగే ఉంచి, మాటలన్నీ తీసేసి, దానితో ఏ సంబంధమూ లేని కొత్త కథను తెలుగులో పలికించే హాస్య వీడియోలు హైదరాబాదులో ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతూనే ఉన్నాయి. మన వేడుకల్లో స్కిట్ల మధ్య ఇలాంటిదొకటి వేస్తే బాగుంటుందని ప్రవాస సంఘాల సాంస్కృతిక కమిటీల్లో ఎవరికో ఒకరికి తోచే ఉంటుంది. తప్పకుండా వేయాల్సిందే. కాకపోతే ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఇందులో నవ్వు గొంతు మార్చడంలోంచి రాదు, యాస పెట్టడంలోంచి రాదు, ఏదో హిట్ సినిమా పంచ్ డైలాగు తగిలించడంలోంచి అసలే రాదు. తెర మీద కనిపించే నోటికీ ఒంటికీ అతికే తెలుగు రాయడంలోంచి వస్తుంది. ఇది రచయిత పని. చాలా వీడియోల్లో ఆ పనికి ఒక పూట కూడా కేటాయించడం లేదు.

ఈ ప్రక్రియ కొత్తదేమీ కాదు. 1966లో వుడీ ఆలెన్ ఒక జపాన్ గూఢచారి సినిమాను తీసుకుని, మాటలు మార్చి ‘వాట్స్ అప్, టైగర్ లిలీ?’ చేశాడు. అందులో గూఢచారులంతా వెతికేది ఎగ్ సలాడ్ ఎలా చేయాలో రాసిన కాగితం కోసం. ఎంత పిచ్చి కథ అయినా అది ఒకటే కథ, అందరికీ కావలసింది ఒకటే వస్తువు. అందుకే తెర మీద ప్రతి పరుగుకూ ప్రతి తుపాకికీ అర్థం దొరికింది. 1993లో ఫ్రాన్సులో మిషెల్ హజనావిషియస్, డొమినిక్ మెజరెట్ కలిసి వార్నర్ బ్రదర్స్ పాత సినిమాల ముక్కలు అతికించి ‘లా క్లాస్ అమెరికైన్’ తీశారు. అందులో జాన్ వేన్‌కూ, పాల్ న్యూమన్‌కూ ఫ్రెంచిలో ఏళ్ల తరబడి గొంతిచ్చిన అసలు డబ్బింగ్ కళాకారులనే పిలిచి ఆ పిచ్చి మాటలు చెప్పించారు. వాళ్లు వెకిలిగా కాదు, ఎప్పటిలాగే గంభీరంగా చెప్పారు. నవ్వంతా ఆ గాంభీర్యంలోనే ఉంది.

ఆ కిటుకు మనకు ఇంకా బాగా పనికొస్తుంది. రజనీకాంత్‌కు మనో, కమల్ హాసన్‌కు బాలు, రాజశేఖర్‌కు సాయికుమార్, ‘అరుంధతి’లో పశుపతికి రవిశంకర్. తెలుగు ప్రేక్షకుడు కళ్లు మూసుకుని గొంతు గుర్తుపడతాడు. 1950లో హిందీ నుంచి తెచ్చిన ‘ఆహుతి’కి శ్రీశ్రీ మాటలూ పాటలూ రాసిన నాటి నుంచి పరాయి పెదవులకు తెలుగు కట్టే విద్య మన దగ్గర ఉంది. కృష్ణానగర్, ఫిలింనగర్ చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో రోజూ జరిగే పని అదే. హాస్యానికి రాసేవాళ్లు ఆ క్రమశిక్షణ అక్కర్లేదనుకోవడమే బాధ కలిగిస్తుంది. నిజానికి మామూలు డబ్బింగ్ రచయితకు కథ చేతికందుతుంది, పెదవులు కుదిరితే చాలు. ఇక్కడ కథా లేదు, కాబట్టి పని రెట్టింపు.

పనిలోకి వద్దాం. ముందు సినిమాను శబ్దం పూర్తిగా ఆపేసి రెండుసార్లు చూడాలి. అసలు కథ తెలిస్తే బుర్ర దాన్నే అనువదిస్తూ పోతుంది. ముసుగులు, హెల్మెట్లు, గడ్డాలు, వీపు కనిపించే షాట్లు, దూరపు షాట్లు ఎక్కువున్న బొమ్మ అయితే రచయితకు చేతులాడతాయి. ముఖాల క్లోజప్‌లతో నడిచే కుటుంబ కథ జోలికి మొదటి ప్రయత్నంలో పోకండి.

తర్వాత పట్టిక. షాటు నంబరు, మాట మొదలయ్యే సమయం, ఆగే సమయం, ఎవరి నోరు కనిపిస్తోంది, పెదవులు ఎక్కడెక్కడ కలిశాయి, ఆఖరున నోరు తెరిచి ఉందా మూసి ఉందా. పది నిమిషాల బొమ్మకు ఇది ఒక రోజు పని, అంతకు తగ్గదు. ప, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు పూర్తిగా కలుస్తాయి. దగ్గరి షాట్‌లో ముందు పట్టుకోవాల్సినవి ఇవే. మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మూసిన పెదవుల మీద ‘ఆ’ వినిపిస్తే మాత్రం సర్దుకోడు. కింది పెదవి పై పళ్లకు తగిలే చోట మన ‘వ’ చక్కగా కూర్చుంటుంది. తెలుగుతో అసలు చిక్కు ఆఖరున వస్తుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, ఇంగ్లీషు నటుడేమో హల్లు మీద నోరు మూసేస్తాడు. అలాంటి చోట చూద్దాం, పోదాం, నిజం, పాపం లాంటి సున్నాతో ముగిసే మాటలు వెతుక్కోవాలి. వాటి చివర పెదవులు దగ్గరపడతాయి.

వేగం సంగతి. మామూలు మాటల్లో సెకనుకు ఆరేడు అక్షరాలు హాయిగా పడతాయి. ఎనిమిది దాటితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. కాగితం మీద లెక్క సరిపోయినా, బొమ్మ ఆడుతుండగా నిలబడి పైకి చదివితే తప్ప నమ్మకండి.

ఒక సన్నివేశం పెట్టుకుని చూద్దాం. పాత కుంగ్‌ఫూ సినిమాల్లో తరచూ కనిపించేదే. మఠం వాకిలి. తెల్లగడ్డం గురువు నాలుగు సెకన్లు గడ్డం నిమురుతాడు. పెదవులు మూసి, రెండు సెకన్లలో మూడుసార్లు కలిపి విడదీస్తాడు. ఎదురుగా మోకరిల్లిన శిష్యుడు తల దించుకుంటాడు. గురువు చెయ్యెత్తి చిన్నమాట అంటాడు. శిష్యుడు ఒక్క గంతులో ఇంటికప్పు మీదికెక్కుతాడు. దీన్ని కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్ గొడవగా మారుద్దాం. గురువు అసోసియేషన్ ప్రెసిడెంటు. ‘నువ్వు డబ్బులు కట్టలేదు కదా’ అని రాస్తే మొదటి అక్షరమే తేడా కొడుతుంది, మూసిన నోటిలోంచి ‘ను’ వస్తుంది. ‘మెయింటెనెన్స్ బాకీ... మూడు నెలలు’ అని రాస్తే మ, బ, మ మూడు చోట్లా పెదవులు కలిశాయి, పదకొండు అక్షరాలు రెండు సెకన్లలో ఒదిగాయి. శిష్యుడి తల ఎందుకు దిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఎత్తిన చేతికి: ‘లిఫ్టు ఆపిచ్చిన.’ శిష్యుడు కప్పు మీదికి ఎగురుతాడు. మూడో అంతస్తుకు పోవడానికి వాడికి వేరే దారి లేదు మరి! బొమ్మలో ఎప్పటినుంచో ఉన్న గంతుకు మన కథలో కారణం దొరికింది. ఇదే చోట ఏ స్టార్ హీరో డైలాగో పెడితే హాలు ఒకసారి నవ్వి ఊరుకుంటుంది, గంతు మాత్రం అనాథగా మిగిలిపోతుంది.

క్రియ చివర్లో రావడం తెలుగు హాస్యానికి వరం, అసలు సంగతి ఆఖరి మాట దాకా దాక్కుంటుంది. అయితే ఆ మాటకు ముందే ఎదుటివాడి ముఖం మీదికి కట్ పడిందంటే ఉలికిపాటు ముందొచ్చి కారణం వెనకొస్తుంది. అప్పుడు వాక్యాన్ని తిరగేయాలి. ‘ట్యాంకర్ నీళ్లు రాత్రి మీరే తోడుకున్నరు’ అనేదాన్ని ‘తోడుకున్నరు మీరే, రాత్రి ట్యాంకర్ నీళ్లు’ అనొచ్చు. నోటి తెలుగు దీన్ని హాయిగా ఒప్పుకుంటుంది.

యాస గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. రౌడీకి ఒక యాస, పనివాడికి ఒక యాస, హీరోకు పుస్తకాల తెలుగు అన్న పాత సినిమా పద్ధతిని ఈ వీడియోలు ఇంకా మోస్తున్నాయి. విలన్ నోట తెలంగాణ మాట పెట్టి, అదే జోకు అనుకోవడం రచన కాదు, అవమానం. హైదరాబాదులో డాక్టరూ, జడ్జీ, బస్సు కండక్టరూ అదే భాషలో మాట్లాడతారు. గురువుకూ శిష్యుడికీ హీరోయిన్‌కూ అందరికీ ఆ భాషే ఇవ్వండి, అప్పుడది ఊరి భాష అవుతుంది, నవ్వు సంగతిలోంచి వస్తుంది. ఇచ్చాక నిలబెట్టండి. ఒకే మనిషి ఒక షాట్‌లో ‘చేసిండు’, మరో షాట్‌లో ‘చేశాడు’ అంటే వెంటనే దొరికిపోతాడు. ప్రతి వాక్యం చివర ‘బై’ చేర్చినంత మాత్రాన హైదరాబాదీ కాదు. పాతబస్తీ మనిషికి ‘నక్కో’, ‘హౌ’ సహజమే, సూర్యాపేట మనిషికి కాదు. రాసినవారిది ఆ ప్రాంతం కాకపోతే, ఆ ప్రాంతం వారితో ఒకసారి పైకి చదివించండి.

శబ్దం దగ్గర బోల్తా కొట్టేవాళ్లే ఎక్కువ. నిర్మాతల దగ్గర మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ఎం అండ్ ఈ ట్రాక్ ఉంటుంది. మనకు అది దొరకదు. ఆరు చానళ్లుగా విడివిడిగా ఉండే 5.1 ఆడియో ఉంటే మాటలు సాధారణంగా మధ్య చానల్‌లో ఉంటాయి, దాన్ని ఆపేస్తే చాలావరకు పోతాయి. కానీ అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు కూడా దాంతోనే పోతాయి. సాఫ్ట్‌వేర్‌తో మాటలు విడదీస్తే అసలు గొంతు తాలూకు నీడ నీళ్లలోంచి వినిపించినట్టు మిగులుతుంది. అందుకే మాటలున్న చోట పాత శబ్దం పూర్తిగా తీసేసి, అడుగులు, గిన్నెలు, బట్టల చప్పుడు మళ్లీ రికార్డు చేయడమే మంచిది. మాటలు రికార్డు చేసే గదిలోనే ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్ల నిశ్శబ్దం కూడా రికార్డు చేసి, సన్నివేశం పొడవునా కింద పరవాలి. లేకపోతే మాటకూ మాటకూ మధ్య శబ్దం గుంటలు పడుతుంది. ఇంట్లో చేస్తే బట్టల బీరువా ముందు, రెండు దుప్పట్ల మధ్య, మైకుకు జానెడు దూరంలో నిలబడితే చాలు. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి, వీడియోకు అదే ప్రమాణం.

సెకనుకు 24 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. మాట బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే జనం పసిగడతారనీ, వెనకబడితే 125 దాకా పసిగట్టరనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సుల్లో ఉంది. కాబట్టి అనుమానమున్న చోట మాటను ఒక ఫ్రేము వెనక్కే జరపండి. బొమ్మకూ మాటకూ మొదట్లో కుదిరిన సింక్ చివరికొచ్చేసరికి జారిపోతోందంటే తప్పు కళాకారుడిది కాదు, ఫ్రేము రేటుది. 23.976లో ఉన్న బొమ్మను 24 అనుకుని పనిచేస్తే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది. ఫోన్‌లో పట్టిన వీడియోల రేటు నిలకడగా ఉండదు, ముందే స్థిరమైన రేటుకు మార్చుకోవాలి.

హక్కుల విషయంలో ‘సరదాకే కదా’ అనే మాట చెల్లదు. భారతదేశంలో సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అమెరికాలో 1930కి ముందు విడుదలైనవాటికి తీరిపోయింది. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ లాంటివి ప్రింటు మీద హక్కు ప్రకటన పడకపోవడం వల్ల అక్కడ అందరివీ అయ్యాయి. పాత విదేశీ సినిమాలతో మాత్రం జాగ్రత్త, వాటిలో చాలావాటికి అమెరికా 1996లో హక్కులు తిరిగి ఇచ్చింది. పేరడీ అన్న రక్షణా అంత గట్టిది కాదు. అసలు సినిమానే వెక్కిరిస్తే ఒక లెక్క, దాన్ని వాడుకుని మెయింటెనెన్స్ బాకీని వెక్కిరిస్తే వేరే లెక్క. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శ, సమీక్ష ఉన్నాయి, పేరడీ అనే మాట లేదు. అందుకే 1920ల నాటి మూకీలు ఎంచుకోమని మా సలహా. తీసేయడానికి అసలు మాటలే ఉండవు, మధ్యలో వచ్చే అక్షరాల పలకలు కత్తిరించుకోవడానికి వీలిస్తాయి. తర్వాతి కాలంలో చేర్చిన సంగీతానికి విడిగా హక్కులుంటాయి, దాన్ని వదిలేయండి.

స్టార్ల గొంతును కృత్రిమ మేధతో పుట్టించి వాడటం మాత్రం వద్దు. అనుమతి లేకుండా అనిల్ కపూర్ గొంతూ రూపమూ వాడకూడదని 2023లో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. చట్టం మాట అటుంచినా, గొంతు అమ్ముకుని బతికే కళాకారులు హైదరాబాదులోనే ఉన్నారు. వాళ్లను అడగండి, డబ్బిచ్చి పిలవండి. సంఘం దగ్గర ఉన్నది కొద్ది మొత్తమే అయితే ముందు రచయితకు, తర్వాత చప్పుళ్లు చేసేవారికి, ఆ తర్వాత గొంతులకు పెట్టండి. టైటిల్స్‌లో రచయిత పేరు మొదట వేయండి. పదిహేను నిమిషాల బొమ్మను ఉగాదికి వేయాలంటే సంక్రాంతి నాటికి స్క్రిప్టు పూర్తయి, బొమ్మతో కలిపి ఒకసారి పైకి చదవడం కూడా అయిపోవాలి.