సవరణ: ‘నానాటి బతుకు’ వరుస ఎవరిది

కర్ణాటక సంగీత గాయకులు నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) గారి గురించిన నా గత పోస్టులో, ‘నానాటి బతుకు నాటకము’ కీర్తనను ఆయన పాడిన రేవతి రాగపు వరుస అన్నమాచార్యుల నాటిదేనని రాశాను. అది నా పొరపాటు. తిరుపతిలో సంగీతం నేర్పే పెద్దలొకరు చెప్పగా అచ్చయిన స్వరలిపి గ్రంథాలతో సరిచూసుకున్నాను: అన్నమాచార్యుల కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో ఆ కీర్తన సాహిత్యం, రాగం పేరు ఉన్నాయే తప్ప స్వరం లేదు, రేవతిలో వరుస కట్టినవారు నేదునూరి వారే.

సంగీత గురువు శ్రీపాద పినాకపాణి గారి శిష్యులై, విజయనగరంలోనూ మన తిరుపతిలోనూ సంగీత కళాశాలల ప్రిన్సిపాల్‌గా పనిచేసి, 1991లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న ఆయన జీవితంలో ఇలా కీర్తనలకు వరుసలు కట్టడం కచేరీలతో సమానమైన భాగం. ఇంటింటా పాడుకునే వరుసకు కర్త పేరు జారిపోవడం ఆయన శ్రమకు అన్యాయమే. పాత పోస్టులో ఆ వాక్యాన్ని మార్చాను.