లెక్క రావడం వేరు, చేతిలో డబ్బుండటం వేరు
వడ్డీ లెక్కలు నేర్పితే చాలు, అసమానత దానంతటదే తగ్గుతుందని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట నాకు మింగుడుపడలేదు. కాలేజీలో ఆర్థిక అక్షరాస్యత, అసమానతల మీద సెమినార్‌లో ఒక సెమిస్టరంతా కూర్చున్నాను. మొదటివారమే 72 సూత్రం చెప్పారు: 72ని ఏడాది వడ్డీ రేటుతో భాగిస్తే చక్రవడ్డీ మీద సొమ్ము ఇంచుమించు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. 6 శాతం డిపాజిట్‌కి 12 ఏళ్లు. 24 శాతం అప్పు కట్టకుండా వదిలేస్తే 3 ఏళ్లే. అందరం టకటకా రాసుకున్నాం. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం పెన్ను కిందపెట్టి, "రెండో లెక్క మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు సార్, మొదటిదానితోనే ఎప్పుడూ పనిపడలేదు" అంది. సార్ కాసేపు బోర్డు వైపే చూస్తూ ఉండిపోయారు. తాకట్టుకి ఏమీ లేనివాడికే వడ్డీ ఎక్కువ పడుతుంది. అది వాడి తెలివితక్కువతనం కాదు, అప్పిచ్చేవాడు రిస్కుకి కట్టిన వెల. అలాగని క్లాసు దండగ అనను. క్రెడిట్ కార్డుకి మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే కొద్ది మొత్తం, కట్టినా మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుందని నాకు అక్కడే తెలిసింది (అప్పటికి ఏడాదిగా అదే కడుతున్నాను, సిగ్గుచేటు). ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్నాను కాబట్టి, తెలిశాక తీర్చేయగలిగాను.